పితూరీ నుంచి విప్లవం దాకా: రంప, గూడెం మన్యాలలో అలజడి స్వరూపం (1879–1924)

ఉపోద్ఘాతం

నేటి తెలుగులో ‘పితూరీ’ అంటే చాడీ. ఒకరి మీద మరొకరికి చెప్పుకునే ఫిర్యాదు. చిన్నవాళ్లు పెద్దల దగ్గరికి, కిందివాళ్లు పైవాళ్ల దగ్గరికి పితూరీలు మోస్తారు. పంతొమ్మిదో శతాబ్దపు గోదావరి, విశాఖపట్నం మన్యాలలో ఇదే మాటకు సాయుధమైన తిరుగుబాటు అని అర్థం. అలజడి, కలహం అనే అర్థాలున్న ఉర్దూ ‘ఫితూర్’ తెలుగు నోట పడి ‘ఫితూరి’, ‘పితూరి’ అయింది. ఆంగ్లేయ అధికారులు కూడా మన్యం తిరుగుబాట్లను తమ నివేదికలలో ఈ పేరుతోనే నమోదు చేశారు. మరోవైపు, 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని మనం ‘మన్యం విప్లవం’ అంటున్నాం. ఒకే కొండలలో, దాదాపు అవే కష్టాల మీద, నలభై మూడేళ్ల ఎడంతో మొదలైన రెండు పోరాటాలలో ఒకటి పితూరీగా మిగిలిపోయింది, రెండోది విప్లవమని పేరు తెచ్చుకుంది. ఈ పేర్ల తేడాకు చరిత్రలో ఆధారం ఉందా, లేక అది తరువాతి తరాల అభిమానం ఇచ్చిన బిరుదేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించదలచిన ప్రశ్న.

గూడెం, రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 వరకు సాగిన ఒకే పరంపరగా డేవిడ్ ఆర్నాల్డ్ విశ్లేషించాడు. ఆ పరంపరను అంగీకరిస్తూనే, దానిలో ఒక మలుపును గుర్తించవలసి ఉంది. కష్టాలు పెరిగినందువల్ల అలజడి విప్లవంగా మారిందనీ, సమర్థుడైన నాయకుడు దొరికినందువల్ల మారిందనీ సాధారణంగా చెబుతారు. ఈ రెండూ పాక్షిక సత్యాలు. ఫిర్యాదు వినవలసిన పైవాడే ఫిర్యాదుకు కారకుడని తేలిపోవడం అసలైన మార్పు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ స్థితిని సృష్టించినది 1879 పితూరీని అణచిన తరువాత ప్రభుత్వం చేసిన ఏర్పాటే.

మన్సబు, ముఠా, కల్లు

గోదావరికి ఉత్తరాన ఉన్న రంప కొండలలో కొండరెడ్లు, కోయలు ప్రధానంగా నివసించేవారు. తూర్పున గూడెం కొండలలో బగతలు, కొండదొరలు మొదలైనవారు ఉండేవారు. కొన్ని పల్లెల సముదాయం ఒక ముఠా. దాని పెద్ద ముఠాదారు. పల్లెల నుంచి కొద్దిపాటి శిస్తు వసూలు చేయడం, తగవులు తీర్చడం, శాంతి కాపాడటం అతని పనులు. రంపలో ముఠాదారులకు పైన మన్సబ్దారు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ మైదానంలో జమీందారీలను స్థిరపరచిన పద్ధతిని ఈ కొండల మీద రుద్దలేదు. కొండలలో అలజడి లేకుండా చూసే బాధ్యతను మన్సబ్దారు మీద ఉంచి దూరంగా నిలిచింది.

1835లో మన్సబ్దారు మరణించిన తరువాత వారసత్వ వివాదం తలెత్తింది. చాలా కాలం నడిచిన ఆ తగవు తరువాత, 1848లో ప్రభుత్వం ముఠాదారులను ఒప్పించి కొత్త మన్సబ్దారును నిలబెట్టింది. అతనికి కొండవారి ఆదరణ ఎన్నడూ లేదు. అతని బలం సర్కారు అండ. ఆ అండ చూసుకొని అతడు పన్నులు పెంచాడు, ముఠాలను స్వాధీనం చేసుకున్నాడు. తరువాతి దశాబ్దాలలో రంపలో పలుమార్లు చిన్న చిన్న అలజడులు రేగాయి.

1870ల చివరికి వచ్చేసరికి తక్షణ కారణం కల్లు అయింది. కొండవారికి జీలుగు కల్లు, తాటికల్లు విలాసం కాదు. ఏడాదిలో కొన్ని నెలలు అది వారి ఆహారంలో భాగం. సొంత వాడకానికి కల్లు గీసుకోవడం తరతరాల హక్కు. కొత్త అబ్కారీ నిబంధనలు ఆ హక్కును తీసివేసి కల్లు రాబడిని గుత్తకు ఇచ్చాయి. గుత్తేదార్లు చెట్టు గీసినందుకు ‘చిగురు పన్ను’ అడిగారు. దానికి తోడు మన్సబ్దారు ‘మొదలు పన్ను’ కూడా వసూలు చేస్తాడన్న వార్త వ్యాపించింది. పోలీసుల దౌర్జన్యం ఒకవైపు, మైదానం నుంచి వచ్చిన వర్తకుల మోసం మరొకవైపు ఉండనే ఉన్నాయి. వర్తకులు అన్యాయమైన ఒప్పందాలు రాయించుకొని, దూరాన ఉన్న కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీలు పొంది, పశువులను, సామగ్రిని జప్తు చేయించేవారు. సమను అంటే ఏమిటో తెలియని కొండవాడికి కోర్టు బంట్రోతు, వర్తకుడు, పోలీసు ఒకే గుంపుగా కనిపించారు.

1879: ఎవరి మీద పితూరీ?

1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. చోడవరం పరిసరాలలో పోలీసుల మీద దాడులు జరిగాయి. ఏప్రిల్‌లో అది గూడెం కొండలకు, జూలైలో భద్రాచలం ప్రాంతంలోని రేకపల్లికి పాకింది. రేకపల్లి అంతకు కొన్నేళ్ల ముందు, 1874లో, మధ్యపరగణాల నుంచి మద్రాసు రాజధానికి బదిలీ అయింది. పాలన మారడంతో అక్కడ పోడు మీద పన్ను పెరిగింది, అడవి మీద ఆంక్షలు బిగిశాయి. అందువల్ల రేకపల్లివారికి రంప మన్సబ్దారుతో సంబంధం లేకపోయినా తిరుగుబాటులో చేరడానికి తమ కారణం తమకుంది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య నాయకులుగా ముందుకు వచ్చారు. చంద్రయ్య దళం అడ్డతీగల పోలీసు ఠాణాను తగలబెట్టింది. అణచివేతకు ప్రభుత్వం పొరుగు జిల్లాల పోలీసులను, మద్రాసు పదాతి దళానికి చెందిన ఆరు పటాలాలను, అశ్వికులను, సాపర్లను, హైదరాబాదు కంటింజెంటు సేనను దించవలసి వచ్చింది. 1880లో చంద్రయ్య మరణించాడు. ఆ ఏడాది ముగిసేసరికి పితూరీ చాలావరకు చల్లారింది.

దాడుల విస్తృతిని బట్టి చూస్తే ఇది 1922 నాటి పోరాటానికి తీసిపోదు. భౌగోళికంగా చూస్తే దానికంటె పెద్దదనవచ్చు. అందుచేత పరిమాణం పెరిగి పితూరీ విప్లవమైందనే వాదం నిలవదు. ఠాణాలను లక్ష్యంగా చేసుకోవడం 1922లో కొత్తగా వచ్చిన పద్ధతి అన్న మాటా నిలవదు. తేడా వెతకవలసింది తిరుగుబాటుదారులు కోరినదానిలో.

రంపవారి కోరికలు స్పష్టమైనవి. మన్సబ్దారు పోవాలి, కల్లు పన్ను పోవాలి, పోలీసుల ఆగడాలు పోవాలి. ఇవి ఒక మధ్యవర్తి మీద, అతని తాబేదార్ల మీద చేసిన ఆరోపణలు. ఆయుధం పట్టి చేసిన ఈ ఆరోపణలకు వినేవాడు ఒకడున్నాడు. ఆ వినేవాడు సర్కారు. వినవలసినవాడు వినకపోవడం వల్ల రేగిన కోపం ఇది. ఈ అర్థంలో 1879 నాటి ‘పితూరీ’లో ఆ మాటకున్న రెండు అర్థాలూ కలిసి ఉన్నాయి. అది తిరుగుబాటు, అదే సమయంలో ఫిర్యాదు కూడా. సర్కారు సైతం దాన్ని అలాగే అర్థం చేసుకుంది. ఒకవైపు సైన్యాన్ని నడుపుతూనే, మరోవైపు కారణాలను విచారించడానికి రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్‌ను పంపింది. మన్సబ్దారు పాలన దుష్టమైనదనీ, కొండవారి ఫిర్యాదులలో న్యాయం ఉందనీ ఒప్పుకుంది. మన్సబు రద్దయింది. ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగా సనదులు ఇచ్చింది. కల్లు మీది ఆంక్షలు సడలాయి.

మధ్యవర్తి తొలగిన తరువాత

పైకి చూస్తే ఇది పితూరీదార్ల గెలుపు. ప్రాణాలు పోయినా కోరిన పని జరిగింది. కానీ మన్సబ్దారుతో పాటు, కోపాన్ని తన మీదికి తీసుకునే అడ్డుతెర కూడా తొలగిపోయింది. అంతవరకు కొండవాడికి, సర్కారుకు మధ్య మన్సబ్దారు ఉండేవాడు. తప్పు అతనిది, తీర్పు సర్కారుది. ఇకమీదట తప్పూ తీర్పూ రెండూ ఒకే చోట చేరాయి.

ముఠాదారు స్థితి కూడా మారింది. పూర్వం అతని అధికారానికి వంశమూ, ఊరి అంగీకారమూ ఆధారాలు. సనదు వచ్చాక ఆధారం కాగితం. షరతు తప్పితే సర్కారు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. గూడెం ప్రాంతంలో బట్టిపనుకుల ముఠా కోల్పోయిన గాం గంటందొర, అతని తమ్ముడు గాం మల్లుదొర తరువాతి కాలంలో సీతారామరాజుకు ముఖ్య అనుచరులు కావడం యాదృచ్ఛికం కాదు. వారు ఒక పాత వ్యవస్థకు వారసులు. కొత్త వ్యవస్థ వారిని బయటికి నెట్టింది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఈ మార్పును ప్రతి ఇంటి గడప దాకా తెచ్చింది. రిజర్వు అడవుల హద్దులు క్రమంగా కొండలకు పాకాయి. పోడు కొట్టడం, వంటచెరకు తేవడం, పశువులను మేపడం, అడవి సరకు ఏరుకోవడం అనే నిత్యకృత్యాలు అనుమతి కావలసిన పనులయ్యాయి. అనుమతి లేకపోతే నేరాలయ్యాయి. అటవీ గార్డు ఏ మన్సబ్దారు మనిషీ కాదు, సర్కారు ఉద్యోగి. రోడ్ల విషయమూ అంతే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనులు సాగినప్పుడు కొండవారి చేత బలవంతంగా, సరైన కూలి ఇవ్వకుండా పని చేయించారు. ఈ వెట్టికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ముడిపడి ఉంది. అతని ప్రవర్తన 1922 తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో ఒకటని చరిత్రకారులు గుర్తించారు.

ఈ నలభై ఏళ్లూ కొండలు మౌనంగా లేవు. 1886లో గూడెం ప్రాంతంలో లేచిన చిన్న దళం తనను ‘రామదండు’ అని చెప్పుకుంది. 1900లో విశాఖ జిల్లా కొండలలో కొర్ర మల్లయ్య తనను పాండవులలో ఒకరి అవతారంగా ప్రకటించుకోగా వేలమంది చేరారు. పోలీసు కాల్పులలో కొందరు మరణించారు. 1915–16లో లాగరాయి పితూరీ జరిగింది. వీటిలో 1879 నాటి వలె పరిమితమైన కోరికల పట్టిక కంటె, సర్కారు స్థానంలో మరొక రాజ్యం రావాలన్న ఊహ ప్రధానంగా కనిపిస్తుంది. రాముడి దండు అన్నా, పాండవుల పునరాగమనం అన్నా, న్యాయం చేయగల అధికారం ఇప్పుడున్న పాలకుల దగ్గర లేదని అర్థం. దీన్ని మూఢవిశ్వాసమని తోసిపుచ్చితే ఒక రాజకీయ నిర్ణయం మన దృష్టికి రాకుండా పోతుంది. ఫిర్యాదు చిరునామా మారిందనడానికి తొలి సాక్ష్యం పురాణభాషలో ఉంది.

1922: విన్నపం ఆగిన చోటు

సీతారామరాజు 1917లో కృష్ణదేవిపేట చేరాడు. సన్న్యాసి వేషం, మూలికా వైద్యం, జ్యోతిషం ఆయనకు కొండలలో గౌరవం తెచ్చాయి. సహాయ నిరాకరణోద్యమ కాలంలో ఖద్దరు ధరించమనీ, మద్యం మానమనీ, కోర్టులకు పోకుండా పంచాయతీలలో తగవులు తీర్చుకోమనీ ఆయన ప్రబోధించాడు. డిక్రీల బాధ ఎరిగిన కొండవారికి కోర్టుల బహిష్కారం పట్టణ కాంగ్రెసువాదులకంటె ఎక్కువ అర్థవంతమై ఉండాలి. అధికారులు ఆయన మీద నిఘా పెట్టారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజలుల్లాఖాన్ మాత్రం ఆయన పట్ల సౌమనస్యం చూపి పైడిపుట్టలో భూమి ఇప్పించాడు. అంటే 1922 తొలి నెలలలో కూడా సర్కారులోని ఒక మనిషితో మాట్లాడే వీలు కొంత మిగిలి ఉంది. మధ్యవర్తుల వ్యవస్థ పోయినా మధ్యవర్తిత్వం చేసే వ్యక్తులు ఉన్నారు. అయితే వ్యక్తి దయ వ్యవస్థ చేసే పనిని చేయలేదు.

మైదానంలోనూ ఆ సంవత్సరమే ఒక దారి మూసుకుపోయింది. పల్నాడులో పుల్లరి వ్యతిరేక పోరాటం, పెదనందిపాడులో పన్నుల నిరాకరణ సాగుతుండగా, చౌరీచౌరా ఘటన తరువాత 1922 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణోద్యమం నిలిచిపోయింది. శాంతియుత మార్గంలో స్వరాజ్యం సమీపంలోనే ఉందన్న నమ్మకం సడలింది. మన్యంలో సాయుధ పోరాటం మొదలైనది దీని తరువాత ఆరు నెలలకు.

ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు జరిగాయి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు చిక్కాయి. చింతపల్లిలో తాము తీసుకువెళ్లిన వాటి వివరాలను ఠాణాలోనే రాసిపెట్టి రామరాజు సంతకం చేశాడు. ఈ చర్యను సాధారణంగా సాహసానికి ఉదాహరణగా చెబుతారు. రాత స్వభావం దృష్ట్యా దీనికి మరొక అర్థం ఉంది. విన్నపం కింది నుంచి పైకి పోయే రాత. రసీదు ఒక అధికారం మరొక అధికారానికి ఇచ్చే రాత. కొండవాడికి సర్కారు కాగితంతో ఉన్న అనుభవమంతా సమను, డిక్రీ, సనదు. ఇప్పుడు ఆ దిశ తిరగబడింది. ప్రజల స్మృతిలో నిలిచిన ‘మిరపకాయ టపా’, అంటే దాడికి ముందే కబురు పంపడం, ఈ భావానికే మరొక రూపం.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు హతులయ్యారు. ఆ దాడిలో ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి తెల్ల అధికారులను గురి చూశారు. తెల్లవారి చుట్టూ ఎప్పుడూ భారతీయులే ఉంటున్నందువల్ల వారిని కాల్చలేకపోతున్నానని రామరాజు అన్నట్టు అధికారుల నివేదికలలోనే ఉంది. 1879లో కొండవాడి శత్రువు ప్రతిరోజూ ఎదురుపడే పోలీసు, మన్సబ్దారు మనిషి, గుత్తేదారు. వారిలో దాదాపు అందరూ భారతీయులే. 1922లో బాధించే చేయి అదే అయినా, దాన్ని ఆడిస్తున్న అధికారం వేరని గుర్తించి శత్రువును నిర్వచించారు. మొదటిది అనుభవం నుంచి పుట్టిన కోపం. రెండోది ఆ అనుభవం మీద చేసిన విశ్లేషణ. అలజడి విప్లవంగా మారే ప్రక్రియలో నాయకుడి పాత్ర ఇక్కడ ఉంది. ఆయన కోపాన్ని సృష్టించలేదు. దాని లక్ష్యానికి స్వరాజ్యం అనే పేరు పెట్టాడు.

1922 డిసెంబరులో పెదగడ్డపాలెం వద్ద దళానికి గట్టి దెబ్బ తగిలింది. 1923 ఏప్రిల్‌లో రామరాజు అన్నవరంలో బహిరంగంగా కనిపించాడు. ఆ ఏడాదే మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో అస్సాం రైఫిల్సు దిగింది. రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చి పల్లెల మీద ఒత్తిడి పెంచాడు. మే 7న రామరాజు పట్టుబడి కొయ్యూరు వద్ద కాల్చివేతకు గురయ్యాడు. జూన్‌లో గంటందొర మరణంతో పోరాటం ముగిసింది.

విప్లవం అనవచ్చునా?

ఈ పోరాటాన్ని విప్లవం అనడానికి రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, అది మైదానానికి పాకలేదు. అహింసకు కట్టుబడిన కాంగ్రెసు నాయకత్వం దూరంగా ఉంది. గాంధీజీ 1929లో రామరాజు ధైర్యాన్ని, త్యాగాన్ని కొనియాడుతూనే సాయుధ మార్గాన్ని తాను ఆమోదించలేనని స్పష్టం చేశాడు. రెండోది, పాత ముఠాదారీ హక్కుల పునరుద్ధరణ కోరిక పోరాటంలో మొదటి నుంచీ ఉంది; అది వెనుకచూపు. ముఠాదారులందరూ రామరాజు పక్షాన నిలవలేదు కూడా.

ఈ అభ్యంతరాలు సరైనవే. ఫలితాన్ని బట్టి నిర్ణయిస్తే 1922–24 పోరాటం అణగిపోయిన తిరుగుబాటు. అయితే విప్లవానికి గీటురాయి ఫలితం ఒక్కటే కాదు. పాలించే హక్కు ఎవరిదన్న ప్రశ్న తలెత్తిందా లేదా అన్నది కూడా గీటురాయే. 1879లో తలెత్తిన ప్రశ్న ‘మమ్మల్ని ఎలా పాలిస్తున్నారు’ అన్నది. 1922లో అది ‘మీరెవరు పాలించడానికి’ అయింది. ఈ దృష్టితో చూస్తే ‘విప్లవం’ అన్న పేరు అతిశయోక్తి కాదు. సంస్కృతంలో ‘విప్లవ’ శబ్దానికి ఉపద్రవం, కల్లోలం అనే అర్థాలుండేవి. వ్యవస్థను మార్చే ప్రయత్నమన్న నిశ్చయాత్మకమైన అర్థం ఆధునిక కాలంలో బలపడింది. ‘పితూరీ’ పెద్ద అర్థం నుంచి చిన్న అర్థానికి దిగిపోగా, ‘విప్లవం’ కీడు నుంచి ఆశయానికి ఎదిగింది. ఈ రెండు ప్రయాణాలూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావచ్చు. కానీ వాటి ఫలితం మన చరిత్ర స్మృతి మీద పడింది.

ఆ ఫలితాన్ని గురించి సాహిత్య విద్యార్థిగా ఒక మాట చెప్పవలసి ఉంది. పడాల రామారావు రచనల నుంచి 1974 నాటి చలనచిత్రం వరకు తెలుగు ఊహలో మన్యం పోరాటం ప్రధానంగా ఒక వీరుడి కథ. విప్లవానికి నాయకుడు కావాలి కనుక రామరాజు మిగిలాడు. ఫిర్యాదుకు కావలసింది బాధితుడు. ఆ బాధితుడు కథలో నేపథ్యమయ్యాడు. తమ్మన్నదొర, చంద్రయ్య సామాన్య పాఠకుడికి పరిచితమైన పేర్లు కావు. చిగురు పన్ను, ఏకపక్ష డిక్రీ, ఘాట్ రోడ్డు మీద వెట్టి అనేవి వీరగాథకు ముందుమాటలుగా కుదించుకుపోయాయి. విప్లవమన్న పేరు ఇవ్వడంలో తప్పు లేదు. ఆ పేరు ఇచ్చాక దానిలోని పితూరీని మరచిపోవడంలో తప్పు ఉంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, 1879, 1922 పోరాటాల మధ్య తేడా విస్తృతిలోనో దాడి పద్ధతిలోనో లేదు. ఫిర్యాదు ఎవరికి, ఎవరి మీద అన్నదానిలో ఉంది. రెండు, ఆ తేడాకు మార్గం వేసినది ప్రభుత్వం తనకు అనుకూలమనుకొని చేసిన పరిష్కారమే. మన్సబ్దారును తొలగించి, సనదులు, అడవి హద్దులు, రోడ్ల ద్వారా ప్రతి పల్లెతో నేరుగా తలపడిన పాలన, కోపాన్ని కూడా నేరుగా తన మీదికే తెచ్చుకుంది. మూడు, జాతీయోద్యమం ఆ కోపానికి స్వరాజ్యమనే భాష ఇచ్చింది. కోపాన్ని మాత్రం ఇవ్వలేదు.

అండమాన్‌లో శిక్ష అనుభవించి తిరిగి వచ్చిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒకనాడు విన్నపాలకు చిరునామా లేక ఆయుధం పట్టినవాడు, ప్రజల విన్నపాలు వినవలసిన సభలో కూర్చున్నాడు. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు సీతారామరాజు పేరు పెట్టారు. అదే కొండలలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1/70 నిబంధన అమలు, పోడు భూముల హక్కులు ఇప్పటికీ వివాదాంశాలే. జిల్లాకు విప్లవ నాయకుడి పేరు దక్కింది. పితూరీ వినే చోటు దక్కిందా అన్నది ఆ కొండలవారు చెప్పవలసిన సంగతి. దాన్ని వారి నోటి నుంచి సేకరించడం ఈ పరిశోధన తరువాత చేపట్టవలసిన పని.